సుత్తులకి గట్టిమందు

ఇవ్వను. ఇవ్వనంటే ఇవ్వను మామయ్యగారూ. మీరు అలా బీరువా ముందు కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నా సరే, తాళం మాత్రం నా ఏప్రన్ జేబులోంచి బయటికి రాదు. ఇవాళ ఏ మందూ ఈ షాపు గడప దాటదు.

అలా చూడకండి. నేనేమన్నా మీ ఆస్తి రాయించుకున్నానా? మూడు సీసాలు బీరువాలో పెట్టి తాళం వేశాను, అంతే.

మాట్లాడరా? సరే, మీ ఇష్టం. పొద్దున్నుంచీ అలకే కదా. టీ ముట్టలేదట, టిఫిన్ ముట్టలేదట. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి "ఆయన్ని ఏమన్నావే?" అని నన్ను పట్టుకుంది. నేనేమన్నాను? "కచేరీ హాల్లో పియానో కొత్త సుత్తులకి మందు వద్దు మామయ్యగారూ, అవి అలాగే బాగున్నాయి" అన్నాను. ఆ ఒక్క మాటకి మూతి ముడుచుకుని కూర్చున్నారు. పసిపిల్లలు నయం, బిస్కెట్ ఇస్తే మాట్లాడతారు.

పోనీలెండి. మీరు నోరు మెదపకపోతే నాకే మంచిది. ఈ షాపులో నాకు మాట్లాడే వంతు ఎప్పుడొచ్చింది కనక? ముగ్గురు మగాళ్లు, ముగ్గురికీ మూడు సీసాలు. ఎవరి సీసా గొప్పదో తేలేలోపు నా జుట్టు నెరిసింది.

మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు మనం చేసే పనేంటో. మొన్న ఫోన్లో మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. "పియానో మీట నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగని కొడుతుందమ్మా. ఆ సుత్తి మూతికి ఉన్ని దట్టంగా చుట్టి ఉంటుంది. ఉన్ని మరీ మెత్తగా ఉంటే శబ్దం దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. మరీ గట్టిగా ఉంటే గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టుంటుంది. మెత్తగా ఉంటే మందు పోసి గట్టిపరుస్తాం. గట్టిగా ఉంటే సూదులు గుచ్చి మెత్తబరుస్తాం" అన్నాను. అంతా విని మా అమ్మ, "ఆ మాత్రం దానికి ఇంటిల్లిపాదీ ఎందుకే?" అంది.

ఏం చెప్పమంటారు? మా వాళ్లు పనికన్నా పోట్లాట ఎక్కువ చేస్తారమ్మా, అందుకే మంది కావాలి అని చెప్పనా?

మీది లాకరు. చెక్క సామాన్ల మీద మెరుపుకి కొట్టేదే, దాన్ని థిన్నర్‌లో కలిపి నీళ్లలా పల్చన చేసి, చుక్క చుక్కగా సుత్తి భుజాల మీద, అంటే మూతికి అటూ ఇటూ, వదులుతారు. అది నిదానంగా లోపలికి దిగి ఉన్నిని పట్టుకుంటుంది. నిజమే, మూడింట్లోకీ నమ్మకమైనది అదే. కాదని నేనెప్పుడన్నాను? కాకపోతే దాని అసలు గట్టిదనం మర్నాటికి గానీ బయటపడదు. ఆ మర్నాటి దాకా ఆగేదెవరు, మీరా?

చిన్న మామయ్యగారిది లక్క. మీ తమ్ముడు కదా, మీరు లాకరంటే ఆయన లక్కనక ఏం చేస్తారు! స్పిరిట్‌లో లక్క బిళ్లలు నానబెట్టి, వడగట్టి, కిటికీలో ఎండకి పెట్టి, పూటకోసారి మూత తీసి వాసన చూసి "ఇంకా కాలేదు" అంటారు. అది పోస్తే ఉన్ని ముందు ఉబ్బుతుంది. తర్వాత రోజుల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. ఆయన కోపమూ అంతే. మనం ఇవాళ అన్న మాటకి ఆయనకి వచ్చే వారం మంట పుడుతుంది.

ఇక మీ అబ్బాయి. ఆయనది కొత్త తరం మందు. పాత మీటల మీంచి ఊడిపోయిన తెల్ల ప్లాస్టిక్ రేకులుంటాయి కదా, వాటిని అసిటోన్‌లో కరిగిస్తారు. ఇలా వేస్తే అలా ఆరిపోతుంది. కస్టమర్ ఎదురుగానే వేసి, ఎదురుగానే వాయించి, "చూశారా?" అనొచ్చు. పైపైన మెరుపే తప్ప లోతుకి దిగదు. నేను ఆయన పెళ్లాన్ని, ఇంతకన్నా చెప్పడం బాగోదు.

నవ్వొచ్చింది కదా మీకు? మీసం కింద కదిలింది, చూశాను. నవ్వండి, పర్లేదు, నవ్వితే అలక పోయినట్టు లెక్కేం వెయ్యను.

ఆ సంగీతం స్కూలు పియానో గుర్తుందా? ముగ్గురూ పంతానికి పోయి, పొలం పంచుకున్నట్టు పంచుకున్నారు. కింది స్వరాలకి లక్క, మధ్యలో లాకరు, పైన ప్లాస్టిక్కు. ఎవరి గట్టు వాళ్లది. ఆ టీచరమ్మ వచ్చి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకసారి వాయించి, పాపం చాలా మర్యాదగా, "ఇందులో ఎన్ని పియానోలున్నాయండీ?" అంది. మీరు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి నా మొహం చూశారు.

అంతేగా మరి. మీరు పోస్తారు, నేను గుచ్చుతాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మీరు సూదుల పిడి తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఆడపిల్లవి, నీకు సూది అలవాటే" అన్నారు. నాకు చొక్కా గుండీ కుట్టడం కూడా రాదని ఎవరైనా అడిగారా? ఇప్పటికీ రాదు. మీ అబ్బాయి గుండీలు ఆయనే కుట్టుకుంటారు.

సరే, ఆ గొడవ అలా ఉంచండి. హాలు సంగతికి వద్దాం.

హాల్లో పెద్ద పియానోకి మొన్నే కొత్త సుత్తులు బిగించాం. ఇవాళ సాయంత్రం కచేరీ, పోయినసారి వచ్చి వాయించిన ఆవిడదే. నిన్న మనం వెళ్లేసరికే ఆవిడ వచ్చి ఉంది. మీరు బెంచీ మీద కూర్చుని, మామూలుగానే కళ్లు మూసుకుని, కింది నుంచి పై దాకా వాయించుకుంటూ వెళ్లారు. వెళ్లి, "పైనంతా చచ్చి పడుంది. రేపొచ్చి లాకరు పోస్తాను, దట్టంగా" అన్నారు.

పైనంతా నిక్షేపంలా ఉంది మామయ్యగారూ.

లేదు, మీ మాటే నిజమనుకుందాం కాసేపు. లాకరు పోసి ఒక రాత్రి ఆగాలని నాకు నేర్పిందెవరు? "ఆగలేనివాడు సీసా ముట్టుకోకూడదు" అని వేలు చూపించి మరీ చెప్పిందెవరు? ఇప్పుడు వెళ్లి పోస్తారు. వింటారు. ఏం మారలేదంటారు. ఇంకో విడత పోస్తారు. సాయంత్రం ఆవిడ కూర్చునేసరికి సగం ఆరి సగం ఆరక, ఒక మీట ఒకలా, పక్క మీట ఇంకోలా పలుకుతుంది. రేపటికి మొత్తం రాయైపోతుంది. పోసింది పోసినట్టే, పిండితే రాదు, కడిగితే రాదు. థిన్నర్‌తో కడిగితే కాస్త బయటికొచ్చి మిగతాది ఇంకా లోపలికి పోతుంది. కొత్త సెట్టుకి సెట్టు చెత్తబుట్టలోకి. ఇదంతా నాకు చెప్పింది మీరే.

మీకు తెలీదా ఇదంతా? మరి ఎందుకంత మంకుపట్టు?

మీ అబ్బాయి ఏమయ్యారో అడగరే? ఉన్ని కొనడానికి వెళ్లారు. ఉన్ని మొన్ననే వచ్చింది మామయ్యగారూ! అదిగో, గుమ్మం పక్కనే ఉంది మూట. దాన్ని దాటుకునే వెళ్లారు మహానుభావుడు. చిన్న మామయ్యగారికి ఉన్నట్టుండి నడుం పట్టేసింది. దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నేను అటు వెళ్లినప్పుడల్లా మూలుగుతున్నారు, ఇటు రాగానే మానేస్తున్నారు.

ఎందుకో తెలుసా? నిన్న మీరు నిద్రపోయాక ముగ్గురం వంటింట్లో నిలబడి మాట్లాడుకున్నాం. ఎవరో ఒకరు మీకు చెప్పాలని. చిన్న మామయ్యగారేమో "అన్నయ్యకి నేనెలా చెప్తాను, చిన్నవాణ్ణి" అన్నారు. ఆయనకి అరవై దాటాయి. మీ అబ్బాయేమో కాసేపు నీళ్లు నమిలి, "నువ్వే చెప్పు. నీ మాటంటే నాన్నకి గౌరవం" అన్నారు. ఆ గౌరవం ఇన్నేళ్లలో నాకెప్పుడూ కనపడలేదు. ఎక్కడ దాచారో చెప్తే తెచ్చుకుంటాను.

ఏం చెప్పాలో? అదే చెప్తున్నాను కదా. ఆగండి, కంగారు పడకండి. నాకు మాత్రం సరదాగా ఉందా ఏంటి? పొద్దున్నుంచీ సీసాల గురించి ఇంత వాగుడు ఎందుకు వాగుతున్నాననుకున్నారు? ఆ మాట నోటికి రాక.

డాక్టరుగారింటి పియానో తీసుకోండి. మీరు లాకరు పోసి వచ్చారు. మర్నాడు వాళ్ల పాప మీట నొక్కగానే వాళ్ల కుక్క మంచం కింద దూరింది. నిజం! డాక్టరుగారావిడ ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. "స్క్రూడ్రైవర్ మర్చిపోయాం, తీసుకెళ్తాం" అని చెప్పి వెళ్లాను. పొద్దంతా కూర్చుని సూదులు గుచ్చాను. కుక్క బయటికి వచ్చేదాకా గుచ్చాను. దాని చెవే నాకు ఆధారం ఆ రోజు.

ఆ వీధి చివర పెద్దాయన పియానోకీ అదే. ఆ హోటల్లో పియానోకీ అదే. మనింట్లో స్క్రూడ్రైవర్లకి కొదవా? ఎన్ని మర్చిపోతున్నాం మనం! ఊళ్లో వాళ్లు మనకి మతిమరుపని అనుకుంటున్నారు.

మీరేమో "ఈ కాలం ఉన్నే బాగాలేదు" అంటారు. "ఎంత పోసినా తాగేస్తోంది" అంటారు. ఒకరోజు "అసలు గొర్రెలే మారిపోయాయి" అన్నారు. గొర్రెల్ని తిట్టారు మామయ్యగారూ! అవేం చేశాయి పాపం, గడ్డి తిని వాటి మానాన అవి బతుకుతున్నాయి.

నవ్వండి మరి. ఇందాక నవ్వారుగా.

సరే. చెప్పేస్తాను. అదిగో, మూలనున్న నల్ల పియానో, మొన్న రిపేరుకి వచ్చింది. మీరు దాని ముందు కూర్చుని కింది నుంచి పైకి ఒక్కొక్క మీటా నొక్కుతూ వచ్చారు. నేను ఇక్కడే బల్ల దగ్గరున్నాను. చివరి మీట రెండుసార్లు కొట్టారు. తల పక్కకి వంచి, కళ్లు మూసుకుని విన్నారు. "ఇది కొంచెం మందంగా ఉంది" అని, సుత్తుల వరుస బయటికి లాగి, ఆ సుత్తికి రెండు చుక్కలు లాకరు వేశారు. లోపలికి తోసి మళ్లీ కొట్టారు. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నారు.

ఆ మీటకి తీగల్లేవు మామయ్యగారూ.

మూడు తీగలూ ముందురోజే నేను తీసేశాను. తుప్పు పట్టాయని, కొత్తవి కడదామని. అక్కడ ఏమీ లేదు. సుత్తి వెళ్లి గాలిని కొట్టి వచ్చింది. మీరు బాగుందన్నారు.

మీకు పైన వినపడట్లేదు. కొంచెం కాదు. పై స్వరాలు అసలే వినపడట్లేదు. ఉన్ని బాగానే ఉంది, గొర్రెలూ బాగానే ఉన్నాయి. మీకు వినపడేదాకా మీరు పోస్తున్నారు. ఎంత పోసినా అది మీకు వినపడదు.

ఇదీ ఆ మాట. చెప్పేశాను.

ఏదో ఒకటి అనండి. తిట్టండి పోనీ. అలా చేతులు చూసుకోకండి, నాకు చూడబుద్ధి కావట్లేదు. నేను కావాలని పెట్టిన పరీక్ష కాదది. ఒట్టు. కొత్త తీగ రావాలి కదా అని ఖాళీగా వదిలేశాను. మీరు "బాగుంది" అన్నప్పుడు బల్ల కింద ఏదో పడినట్టు వంగాను. మీకు నా మొహం కనపడకూడదని.

ఏంటీ?

తెలుసా? ఏం తెలుసు? తీగల సంగతా? … కాదా. మరి?

నా సూదుల సంగతి తెలుసా!

ఎప్పట్నుంచి? … స్క్రూడ్రైవర్ కోసం నేను వెళ్లినప్పుడల్లా తెలుసా? ఎవరు చెప్పారు, మీ అబ్బాయా? … మరెలా తెలుస్తుంది? బొటనవేలా? ఉన్ని మీద బొటనవేలితో తడిమితే… సూది దిగిన చోటు తెలిసిపోతుందా మీకు? మీరు పోసిన చోటల్లా నా సూది ఎక్కడ దిగిందో, ఎంత లోతు దిగిందో, అంతా తెలుసా?

అబ్బ. ఎంత గుంభనమండీ మీది! నేను బ్యాగులో సూదుల పిడి చున్నీలో చుట్టి దాచుకుని వెళ్లేదాన్ని. దొంగలా పక్క వీధిలోంచి తిరిగి వచ్చేదాన్ని. మీరేమో ఇక్కడ కూర్చుని పేపరు చదువుతూ "స్క్రూడ్రైవర్ దొరికిందా అమ్మా?" అని అడిగేవారు. అన్నీ తెలిసి!

ఏమన్నారు? మళ్లీ అనండి. … బాగా గుచ్చానా?

ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారి అన్నారా మీరు?

మరి అన్నీ తెలిసినవారు నిన్న ఆ లాకరు గోల ఎందుకు? సాయంత్రమే కచేరీ, మీ వెనక నేను వెళ్లి సర్దడానికి టైమెక్కడిది? … ఎవరన్నారు? ఆవిడా? … అవును, విన్నాను. నేను మీ పక్కనే ఉన్నాగా. "పోయినసారి ఈ పియానో ఎంత బాగా పలికిందో, మీ చేతిలో ఏదో ఉందండీ" అంది. రెండు చేతులూ పట్టుకుని మరీ అంది. మీరు తల ఊపారు. అందుకా?

అందుకా అన్నం తినలేదు?

అంటే అలక నా మీద కాదా! హవ్వ! పొద్దున్నుంచీ నేను నా మీదే అనుకుని నానా మాటలూ అంటుంటే, ఒక్క మాట చెప్పొచ్చుగా?

పోయినసారి ఆ పియానో పలికింది నా సూదులతో. ఆ మెప్పు మీకు మింగుడు పడలేదు. అందుకని ఈసారి మీ చేత్తోనే, మీ చెవితోనే చెయ్యాలనుకున్నారు. చెడినా సరే, మీదే అవ్వాలనుకున్నారు. అంతేనా? … బాగుందండీ. చాలా బాగుంది. మీ పంతం తీరడానికి హాలు వాళ్ల సుత్తులు బలి. ఆవిడ కచేరీ బలి.

నాకెలా ఉంటుందో ఆలోచించారా? ఆవిడ మీ చేతులు పట్టుకుని ఆ మాట అంటున్నప్పుడు మీ బ్యాగు నా చేతిలో ఉంది. బరువుగా ఉంది, తెలుసా? "అది నేనండీ" అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. ఇంటికొచ్చి అంట్లు తోముతూ ఏడ్చాను. మీకొక్కరికే కష్టం ఉందనుకోకండి.

ఏం చేస్తున్నారు? ఫోన్ ఎందుకు? … ఎవరికి? డాక్టరుకా? చెవి డాక్టరుకైతే మంచిదే, నేనే నంబరు తీసిస్తాను…

హాలుకా? ఏం చెప్తారు? … వద్దు. ఇప్పుడెందుకు? మామయ్యగారూ, వద్దండీ, ముందు నా మాట వినండి. పెట్టెయ్యండి ఫోను. పెట్టెయ్యండీ!

…

చెప్పేశారు.

"పోయినసారి చేసిందీ మా కోడలే, ఈసారి చేసేదీ మా కోడలే, గంటలో వస్తుంది" అని చెప్పేశారు. ఎంత హాయిగా చెప్పారండీ, పాల ప్యాకెట్ తెమ్మన్నట్టు! నన్నడిగారా? ఒక్క మాట అడిగారా?

నేనెలా వెళ్తాను ఒక్కదాన్నీ? ఇప్పుడు గుర్తొచ్చింది కదా ఆకలి మీకు, ఆ బిస్కెట్ తీసుకుంటున్నారు!

ఏంటలా చూస్తారు? నిన్నటిదాకా నాకు పేరు రాలేదని ఏడ్చింది నేనేనా అనా? నేనే. అదీ నిజమే, ఇదీ నిజమే.

వినండి. పొద్దున నేను మీతో అబద్ధం చెప్పాను. "సుత్తులకి మందు వద్దు, అలాగే బాగున్నాయి" అన్నాను కదా. బాగాలేవు. పైన బాగున్నాయి. మధ్యలో బాగాలేవు. మధ్యలో ఆవిడ ఎడంచెయ్యి కుడిచెయ్యి కలిసే చోట దుప్పటి కప్పినట్టే ఉంది. నిన్న మీరు వాయిస్తుంటేనే విన్నాను. అక్కడ మందు కావాలి. తలా ఒక చుక్క పడాలి.

మరెందుకు వద్దన్నానంటే, అది పోయాల్సింది నేనని తెలిసి.

నేనెప్పుడూ పోయలేదు మామయ్యగారూ. చూశారా ఎప్పుడైనా? ఇన్నేళ్లలో ఒక్క సుత్తికి ఒక్క చుక్క నా చేత్తో వెయ్యలేదు. గుచ్చడం వేరు. మీరు పోసి చెడగొట్టాక నేను గుచ్చితే, ఏం జరిగినా బాగుపడ్డట్టే. బాగుంటే బాగుచేశాననిపించుకోవచ్చు, నా మనసులో నేను. బాగోకపోతే, పోసింది మీరు కదా. పోయడం అలా కాదు. సీసా వంచాక ఇంక వెనక్కి రాదు.

మీ ముగ్గుర్నీ ఇందాకట్నుంచీ ఆడిపోసుకున్నాను. మీకు ఆగడం తెలీదన్నాను, మీ తమ్ముడికి తెమలడం తెలీదన్నాను, మీ అబ్బాయికి లోతు లేదన్నాను. మీ ముగ్గురికీ సీసా వంచే ధైర్యమన్నా ఉంది. నాకు ఏ సీసా లేదు.

ఏదన్నా చెప్పండి. ఏ మందు తీసుకెళ్లను? చెప్పండీ. లాకరు కుదరదు, అది రేపటికి గానీ తేలదు. లక్క అసలే కుదరదు, వచ్చే వారానికి తేలుతుంది. … అంతే కదా? ఇంకేం మిగిలింది? వెంటనే ఆరిపోయేది ఒక్కటే ఉంది. ఈ ఒక్క సాయంత్రానికి పైపైన పట్టినా చాలు. బాగా పల్చన చేసి, మధ్య వరుసకి మాత్రం, భుజాల మీద ఒక్కొక్క చుక్క. పై వరుస జోలికి పోను. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. అంతేనా? సరిగ్గానే ఆలోచిస్తున్నానా?

మాట్లాడరే? ఇప్పుడెందుకండీ మౌనం! ఇప్పుడే కదా మాట్లాడాల్సింది!

తెలుసు. మీరు చెప్తే అది మీది అవుతుంది. అందుకే చెప్పరు. గట్టి మనిషి మీరు.

సరే. తీస్తున్నాను బీరువా. ఇదిగో, మీ అబ్బాయి సీసా. చివరికి ఈ సీసానే తీసుకెళ్లానని ఆయనకి చెప్పకండి. చెప్తే ఇంక నెత్తికెక్కి కూర్చుంటారు. అసిటోన్ డబ్బా ఏది? ఆఁ, ఇదిగో. డ్రాపరు, గుడ్డ. సూదులు కూడా తీసుకెళ్తాను. అవసరం ఉండకపోవచ్చు, చేతిలో అలవాటు.

ఆవిడ కూర్చుని వాయిస్తుంటే ఆ మధ్యలో మందు ఎక్కువై టిక్కు టిక్కుమంటే? అప్పుడు ఎవరి మొహం చూస్తారందరూ? నా మొహమే. వెనక నేను తప్ప ఇంకెవరూ ఉండరు.

తలుపు వేసుకోండి. అత్తయ్యని పిలిచి అన్నం పెట్టించుకోండి, ఉత్త బిస్కెట్లు తినకండి. చెవి డాక్టరు నంబరు ఫోన్ పక్కన రాసి పెట్టాను ఎప్పుడో, ఆ క్యాలెండర్ వెనక. రేపు వెళ్దాం. మీ అబ్బాయి వస్తే హాలుకి రమ్మనకండి, ఉన్ని మూట లోపల పెట్టమనండి.

చెప్పులెందుకు వేసుకుంటున్నారు? … వస్తారా? ఊరికే వెనక కూర్చుంటారా, ఏమీ అనరా?

వద్దు మామయ్యగారూ. రాకండి. మీరొస్తే నాకు కొండంత ధైర్యం, అందుకే వద్దంటున్నాను. మీరక్కడ ఉంటే నేను మళ్లీ బ్యాగు పట్టుకుని మీ వెనకే నిలబడతాను.